ఒలెగ్ స్త్రిజెనోవ్ సినిమాలు ఏ వరుసలో చూడాలి, ఎక్కడ కళ్లు పెట్టాలి

1957లో నర్గీస్ సరసన ఒక రష్యన్ నటుడు హీరోగా చేశారు, సినిమా పేరు పరదేశీ. ఈ మాట చెప్పగానే పాత హిందీ సినిమాలు బాగా తెలిసినవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి "ఎవరబ్బా ఆయన?" అంటారు. ఆయనే ఒలెగ్ స్త్రిజెనోవ్. 1950ల రెండో సగంలో సోవియట్ యూనియన్‌లో కోట్ల మంది టికెట్ కొని చూసిన మొహం అది. 2025 ఫిబ్రవరి 9న మాస్కోలో 95 ఏళ్ల వయసులో ఆయన పోతే మాత్రం నాకు తెలిసిన సినిమా గ్రూపుల్లో ఒక్కరూ ఆ వార్త పెట్టలేదు. చాలా బాధేసింది. ఇది రాయాలని అప్పటి నుంచీ ఉంది.

ఇది జీవిత చరిత్ర కాదు. ఆరు సినిమాలు, వాటిని చూడాల్సిన వరుస, ఒక్కోదాంట్లో కళ్లు పెట్టాల్సిన చోటు, అంతే. ఈ వరుసలో చూస్తే ఆయనకి పేరెలా వచ్చిందో, ఎలా తగ్గిందో ఎవరూ చెప్పక్కర్లేకుండా మీకే తెలుస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆయన్ని పైకి తీసుకెళ్లింది ఆ మొహమే, తర్వాత దారికి అడ్డం పడిందీ ఆ మొహమే. ఎవరో తొక్కేశారనో, రాత బాగోలేదనో అనుకోనక్కర్లేదు, కారణాలు సినిమాల్లోనే కనిపిస్తాయి.

వరుస ఎందుకంత ముఖ్యమంటే, నేను తప్పు చోట మొదలుపెట్టాను. మొదట నాకు దొరికింది 1970ల నాటి గూఢచారి సినిమా ఒకటి. అందులో నలభై దాటిన ఒక పెద్దమనిషి చక్కగా, హుందాగా, ఎక్కడా తప్పు పట్టడానికి లేకుండా నటిస్తున్నారు, కానీ దేశమంతా వెర్రెత్తిపోయేంత ఏముందో నాకు అస్సలు అర్థం కాలేదు. మూసేసి దాదాపు ఏడాది దాకా ఆ పేరు జోలికి పోలేదు. మీరు అలా చేయొద్దు.

ముందు సినిమాలు దొరకబుచ్చుకోవడం

ఇంగ్లీషులో ఆయన పేరు స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులో వెతికితే సగం ఫలితాలు రావు. వికీపీడియాలో ఆయన పేజీ తెరిచి, పైన రష్యన్ అక్షరాల్లో ఉన్న పేరుని కాపీ చేసి యూట్యూబ్‌లో వేయండి. సినిమా పేర్లకీ అదే పద్ధతి. ఒకే సినిమాకి రష్యన్ పేరు, ఇంగ్లీషు పేరు వేర్వేరుగా ఉంటాయి, పరదేశీకైతే మూడో పేరు హిందీలో ఉంది, అందుకని పేరుతో పాటు విడుదలైన సంవత్సరం కూడా వేస్తే తికమక ఉండదు.

మాస్‌ఫిల్మ్ స్టూడియోకి యూట్యూబ్‌లో సొంత చానల్ ఉంది, పాత సినిమాలు చాలావాటిని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ఉచితంగా పెట్టారు. ముందు అక్కడ చూడండి, ఎవరో టీవీలోంచి పట్టి పెట్టిన మసక ప్రింట్ల జోలికి అప్పుడే పోవద్దు. ఇది ఏదో నాణ్యత పట్టింపు కాదు. ఈ నటుడి విషయంలో కళ్లు కనపడకపోతే సినిమా చూసినట్టే కాదు. సబ్‌టైటిల్స్‌ని యంత్రం చేత తెలుగులోకి మార్పించుకునే సౌకర్యం కూడా ఉంటుంది గానీ, రష్యన్ నవలల భాష దాని చేతిలో ముక్కలైపోతుంది, ఇంగ్లీషువే నయం.

ఒక్క రాత్రిలో రెండు సినిమాలు పెట్టుకోకండి. వారానికి ఒకటి చాలు.

మొదటిది: గాడ్‌ఫ్లై, 1955

రష్యన్‌లో ఓవద్ అంటారు. లెనిన్‌గ్రాద్‌లోని లెన్‌ఫిల్మ్ స్టూడియో తీసింది, దర్శకుడు అలెగ్జాందర్ ఫైన్‌త్సిమ్మెర్, సంగీతం షోస్తకోవిచ్. ఎథెల్ వోయ్నిచ్ రాసిన ఇంగ్లీషు నవల దీనికి ఆధారం, ఆ నవలని సోవియట్ యువత అప్పటికే గుండెలకు హత్తుకుని ఉంది. కథ 19వ శతాబ్దపు ఇటలీలో జరుగుతుంది. ఆర్థర్ అనే అమాయకపు కుర్రాడు చర్చిని నమ్మి, మోసపోయి, దేశం వదిలి వెళ్లిపోయి, చాలా ఏళ్ల తర్వాత మొహం మీద గాటుతో, కుంటుతూ, నాలుక మీద విషంతో విప్లవకారుడై తిరిగొస్తాడు.

ఈ సినిమా చేసేనాటికి స్త్రిజెనోవ్‌కి పాతికేళ్లు. చైనా సరిహద్దులో ఆమూర్ నది ఒడ్డున ఉన్న బ్లాగొవేష్చెన్‌స్క్‌లో 1929 ఆగస్టు 10న పుట్టారు, పెరిగింది మాస్కోలో, 1953లో ష్చూకిన్ నాటక విద్యాలయం నుంచి బయటికొచ్చి ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో రష్యన్ నాటకాల థియేటర్‌లో చేరారు. సినిమాకి పూర్తిగా కొత్త. అలాంటివాడికి ఒకే సినిమాలో ఇద్దరు మనుషుల్లా కనిపించాల్సిన పాత్ర దొరికింది. కథానాయిక జెమ్మాగా చేసిన మరియానా అప్పట్లో ఆయన భార్య.

ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. చర్చి పెద్ద అయిన కార్డినల్ మోంతనెల్లితో ఆర్థర్ మాట్లాడే ఘట్టాలు రెండు చోట్ల వస్తాయి, మొదట్లో పిల్లాడిగా, చివర్లో ఖైదీగా. ఆ కార్డినల్ వేషం వేసిన నికొలాయ్ సీమొనోవ్ రంగస్థలం మీద కొమ్ములు తిరిగిన మనిషి, ఆయన ముందు కొత్త నటుడు తేలిపోవాలి. తేలిపోలేదు. చివరి ఘట్టంలో ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా కదలకుండా చూస్తూ ఉండిపోతారు, ఆ చూపులో ప్రేమ ఎంతుందో కసి కూడా అంతే ఉంటుంది. ఆ ఒక్కచోట ఆపి, వెనక్కి తిప్పి, రెండుసార్లు చూడండి.

ఈ సినిమాకి 3.9 కోట్ల మందికి పైగా ప్రేక్షకులు వచ్చారు. 1959 జనాభా లెక్కల ప్రకారం సోవియట్ యూనియన్ జనాభా దాదాపు 20.9 కోట్లు. పసిపిల్లల్నీ ముసలివాళ్లనీ కూడా కలుపుకుంటే అయిదుగురికి ఒక టికెట్ లెక్క.

అదే ఏడాది జాక్ లండన్ కథ ఆధారంగా తీసిన మెక్సికన్ అనే సినిమాలోనూ ఆయనే హీరో, బాక్సర్ కుర్రాడు రివేరా. బాగానే ఉంటుంది, టైముంటే చూడండి. అందులో చిన్న పాత్ర వేసిన అమ్మాయి పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి, తాత్యానా సమోయిలోవా. కాసేపట్లో మళ్లీ వస్తుంది.

రెండోది: ఫార్టీ ఫస్ట్, 1956

ఇది తొందరపడి చూసే సినిమా కాదు. గ్రిగోరీ చుఖ్రాయ్‌కి దర్శకుడిగా మొదటి సినిమా, కెమెరా సెర్గేయ్ ఉరుసేవ్‌స్కీ. 1917 విప్లవం తర్వాత వచ్చిన అంతర్యుద్ధం రోజుల్లో మధ్యాసియా ఎడారిలో విప్లవకారుల ఎర్రసైన్యపు చిన్న దళం ఒకటి తప్పించుకుపోతూ ఉంటుంది. అందులో మర్యూత్కా అనే అమ్మాయి గురి తప్పని తుపాకీ, అప్పటికి నలభై మంది శత్రువుల్ని కొట్టింది. నలభై ఒకటోవాడి మీద పేలిస్తే గురి తప్పుతుంది. అతను ప్రాణాలతో పట్టుబడతాడు, విప్లవాన్ని ఎదిరించిన తెల్లసైన్యపు లెఫ్టినెంట్, నీలికళ్లవాడు. అతన్ని కాపలా కాసే పని ఆమె మీదే పడుతుంది. తర్వాత తుపానులో పడవ కొట్టుకుపోయి ఇద్దరూ ఆరల్ సముద్రంలో మనిషి లేని దీవిలో చిక్కుకుంటారు.

చూడండి, 1956 నాటి సోవియట్ సినిమాలో శత్రువు ఇంత అందంగా, చదువుకున్నవాడిగా, మనం ఇష్టపడేవాడిగా తెర మీదికి రావడం మామూలు విషయం కాదు. స్టాలిన్ పోయి మూడేళ్లే అయింది. అంతకు ముందు తెల్లసైన్యపు ఆఫీసరంటే వంకర నవ్వు, కొరడా, అంతే. ఇక్కడ ఆ ఆఫీసరు చేతులు కట్టేసి ఉండగా ఎడారిలో నడుస్తుంటే మన కళ్లు దళం మీద కాక అతని మీదే ఉంటాయి. చుఖ్రాయ్ కావాలనే అలా తీశారు. ఎందుకంటే చివర్లో ఆ అమ్మాయి పోగొట్టుకునేది ఎంతో తెలియాలంటే, ముందు మనమూ అతన్ని ఇష్టపడి ఉండాలి.

ఉరుసేవ్‌స్కీ ఏం చేశారో గమనించండి. ఎడారి ఇసుక ఒకసారి బంగారు రంగులో, ఒకసారి బూడిద రంగులో, సాయంత్రం పూట ఊదాగా కనిపిస్తుంది, ఆ రంగుల మధ్యలో నీలం అనేది చాలాసేపు దాదాపు కనపడదు. సముద్రం దగ్గరికి వచ్చాక కనపడుతుంది, ఆ మనిషి కళ్లల్లో కనపడుతుంది. గుడిసెలో మంట వెలుగులో జ్వరం తగ్గిన లెఫ్టినెంట్ ఆ పల్లెటూరి అమ్మాయికి రాబిన్సన్ క్రూసో కథ చెప్పే ఘట్టం ఉంది చూశారా, నాకు సోవియట్ సినిమాలన్నిట్లోకీ ఇష్టమైన పది నిమిషాల్లో అదొకటి. ఆయన కథని కథలా చెప్పరు. ఆ అమ్మాయి మొహంలో ఆశ్చర్యం చూసి, ఇంకా ఆశ్చర్యపడాలని చెప్తూ పోతారు, యుద్ధం గురించి ఇద్దరూ మర్చిపోతారు. మనమూ మర్చిపోతాం. చివరి నిమిషం ఏమవుతుందో నేను చెప్పను, పేరులోనే ఉంది.

1957లో కాన్ చిత్రోత్సవంలో దీనికి ప్రత్యేక బహుమతి వచ్చింది. దేశంలో రెండున్నర కోట్ల మంది చూశారు. స్త్రిజెనోవ్ పేరు దేశం దాటింది ఈ సినిమాతోనే.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. మర్యూత్కాగా చేసిన ఇజోల్దా ఇజ్వీత్‌స్కయా ఈ సినిమాలో ఆయనకు ఏ మాత్రం తీసిపోదు, చాలాచోట్ల ఆయన్ని మించిపోయింది. ఆ తర్వాత అంత బరువున్న పాత్ర ఆమెకి ఇంక రాలేదు. 1971లో, 38 ఏళ్ల వయసులో, మాస్కోలో తన ఇంట్లో ఒంటరిగా చనిపోయింది. కీర్తి తగ్గడం గురించి మాట్లాడుకునేటప్పుడు మగవాళ్లకి థియేటర్లూ, తండ్రి పాత్రలూ, బిరుదులూ మిగిలాయి, ఈమెకి అవేమీ మిగల్లేదు. ఈ సినిమా చూసేటప్పుడు ఆమె కోసం కూడా చూడండి.

మూడోది: పరదేశీ, 1957

రష్యన్ పేరుకి అర్థం మూడు సముద్రాల అవతలికి ప్రయాణం. 15వ శతాబ్దంలో త్వేర్ పట్టణం నుంచి బయల్దేరి మన దేశం వచ్చిన వర్తకుడు అఫనాసీ నికితిన్ రాసుకున్న యాత్రా రచన పేరే అది, కాస్పియన్, అరేబియా, నల్ల సముద్రాలు ఆ మూడూ. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్, వసీలీ ప్రోనిన్ కలిసి దర్శకత్వం వహించారు, మాస్‌ఫిల్మ్, అబ్బాస్ గారి నయా సంసార్ కలిసి తీశాయి, రెండు దేశాలు కలిసి తీసిన మొదటి సినిమా ఇదే. నర్గీస్, పద్మిని, బల్‌రాజ్ సాహ్నీ ఉన్నారు, బహమనీ మంత్రి మహమూద్ గవాన్‌గా పృథ్వీరాజ్ కపూర్ చేశారు. సంగీతం మన వైపు అనిల్ బిశ్వాస్, వాళ్ల వైపు బోరిస్ చైకోవ్‌స్కీ.

ఈ సినిమా చూసే ముందు ఒక పని చేయండి. నికితిన్ యాత్రా రచన చాలా చిన్నది, ఇంగ్లీషు అనువాదం ఒక సాయంత్రంలో అయిపోతుంది, అది చదివి రండి. తెలుగువాళ్లకి అందులో ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకునే చోటు ఒకటుంది. నికితిన్ చౌల్ రేవులో దిగి, జున్నర్ మీదుగా బీదర్ చేరుకున్నాడు. అక్కడ పరిచయమైన హిందువులతో కలిసి శివరాత్రికి పర్వతం అనే క్షేత్రానికి వెళ్లానని రాశాడు. చరిత్రకారులు ఆ పర్వతం మన శ్రీశైలమే అని గుర్తించారు. అక్కడి రాతి బసవన్న గురించీ, భక్తులు ఆ నంది గిట్టల్ని ముద్దు పెట్టుకుని పూలు వేయడం గురించీ కళ్లకు కట్టినట్టు రాశాడు, హిందువులకి ఇది జెరూసలేం లాంటిది అన్నాడు. వాస్కో డ గామా రావడానికి పాతికేళ్ల ముందు, చలి దేశపు వర్తకుడొకడు శ్రీశైలం తిరునాళ్లలో జనం మధ్య నిలబడి ఉన్నాడు. ఇక బీదర్ అంటారా, 1956 నవంబరు 1 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది, ఇవాళ్టికీ హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరితే గవాన్ కట్టించిన మదర్సా చూసి చీకటి పడేలోగా ఇంటికొచ్చేయొచ్చు.

ఇది తెలిసి చూస్తే సినిమా వేరేగా ఉంటుంది. తెలియకుండా చూస్తే పాటలున్న పెద్ద రంగుల సినిమా, అక్కడక్కడా సాగదీసినట్టు ఉంటుంది, నిజం చెప్పాలి కదా.

రెండు భాషల్లో తీశారు కాబట్టి ఏది చూడాలనే సందేహం వస్తుంది. స్త్రిజెనోవ్ కోసమైతే రష్యన్‌ది చూడాలి, ఆయన సొంత గొంతు అందులోనే ఉంది. నర్గీస్ గొంతు కావాలంటే హిందీదే వెతకాలి. నేనైతే మొదట రష్యన్‌ది పూర్తిగా చూసి, తర్వాత హిందీలో పాటలు మాత్రం విడిగా విన్నాను. మీనా కపూర్ పాడిన రసియా రే మన్ బసియా రే అప్పటి నుంచీ నా ఫోన్లోనే ఉంది.

ఇక కళ్లు పెట్టాల్సిన చోటు. ఇందులో ఆయన గడ్డం పెంచిన వర్తకుడు. కత్తి లేదు, విప్లవం లేదు, ఇంటికి దూరమైన మనిషి, అంతే. నర్గీస్ ఎదురుగా ఉన్నప్పుడు ఆయన ఎంత తగ్గి నటించారో గమనించండి. అప్పటికి రష్యాలో ఆమెకున్న పేరు ముందు ఈయన పేరు చిన్నది. 1954లో అక్కడ విడుదలైన ఆవారాని 6.37 కోట్ల మంది చూశారు, గాడ్‌ఫ్లై కంటే రెండు కోట్లకు పైగా ఎక్కువ. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెర మీద ఆవిడకి చోటిచ్చి పక్కన నిలబడ్డారు. ఆ హుందాతనం నాకు చాలా నచ్చింది.

1958లో పరదేశీ కాన్ పోటీకి వెళ్లింది. అదే ఏడాది అదే పోటీలో సోవియట్ సినిమా కొంగలు ఎగురుతున్నాయి పెద్ద బహుమతి, గోల్డెన్ పామ్, కొట్టుకొచ్చింది. దాని కథానాయిక ఎవరనుకున్నారు, మెక్సికన్‌లో చిన్న వేషం వేసిన సమోయిలోవా. కెమెరా, ఫార్టీ ఫస్ట్ తీసిన ఉరుసేవ్‌స్కీదే. గాలి ఎటు మళ్లిందో అక్కడే కనపడుతోంది. జనం ఇప్పుడు తమ వీధిలో కనిపించే మొహాలు చూడాలనుకుంటున్నారు.

ఇక్కడ ఆగి, ఆయన లేని సినిమా ఒకటి చూడండి

ఈ వరుసలో నాలుగోది సైనికుడి గాథ, 1959. చుఖ్రాయ్ రెండో సినిమా. ముందు లైన్లో యుద్ధం చేస్తున్న పందొమ్మిదేళ్ల కుర్రాడు అల్యోషా, తల్లిని చూడ్డానికి కొద్ది రోజుల సెలవు మీద ఊరికి బయల్దేరతాడు, ఆ ప్రయాణమే సినిమా. దీంట్లో స్త్రిజెనోవ్ లేరు. కానీ మొదట ఆ పాత్రకి తీసుకున్నది ఆయన్నే. షూటింగ్ కూడా మొదలైంది. కొంత తీశాక చుఖ్రాయ్‌కి ఇది కుదరదని అర్థమై, మార్చేసి, ఎవరికీ తెలియని విద్యార్థి వ్లదీమిర్ ఇవషోవ్‌ని పెట్టుకున్నారు. కథానాయికని కూడా మార్చేశారు.

ఎందుకు మార్చారో సినిమా చూస్తూ మీరే ఆలోచించండి. ప్రతి ఘట్టంలోనూ ఇవషోవ్ స్థానంలో ఆ నీలికళ్ల లెఫ్టినెంట్‌ని ఊహించుకోండి. రైలు పెట్టెలో గడ్డి మీద ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్నది ఇవషోవ్ అయితే మన పక్కింటి కుర్రాడు. అదే స్త్రిజెనోవ్ అయితే సినిమా హీరో. ముప్పై ఏళ్లు రావడం ఒక కారణం, మొహం అందరికీ తెలిసిపోవడం ఇంకా పెద్ద కారణం. ఏ దర్శకుడు ఆయన్ని ప్రపంచానికి చూపించాడో ఆ దర్శకుడే పక్కన పెట్టాల్సి వచ్చింది, అది కూడా కోపంతో కాదు, సినిమా మంచి కోసం. ఆ సినిమా చూశాక చుఖ్రాయ్‌ని తప్పు పట్టలేం. అదే బాధ.

మన సినిమా రంగంతో పోల్చుకుని ఒక విషయం మర్చిపోవద్దు. అక్కడ హిట్టు కొట్టిన హీరో తన కోసం కథలు రాయించుకోవడం, తనే నిర్మాతగా మారడం లాంటివి లేవు. స్టూడియోలు ప్రభుత్వానివి, నటుడి డబ్బు అతని కేటగిరీని బట్టి ఉంటుంది, సినిమాకి నాలుగు కోట్ల మంది వచ్చినా అందులో అతనికి వాటా రాదు. పిలుపొస్తే వెళ్లాలి, రాకపోతే ఎదురుచూడాలి. నటుడి చేతిలో నిజంగా ఉన్నది ఒక్కటే, వద్దు అనడం. స్త్రిజెనోవ్ ఆ మాటని గట్టిగానే వాడారు.

అయిదోది: తెల్లరాత్రులు, 1959

దస్తయేవ్‌స్కీ కథ, దర్శకుడు ఇవాన్ పీర్యెవ్. పీటర్స్‌బర్గ్‌లో ఒంటరిగా ఊహల్లో బతికే యువకుడి పాత్ర. మరీ గొప్ప సినిమా కాదు, ఊహల ఘట్టాలు కాస్త ఎక్కువయ్యాయి. మరుసటి ఏడాది వచ్చిన ఇస్పేట్ రాణి కూడా ఉంది, అది పుష్కిన్ కథ మీద ప్యోతర్ చైకోవ్‌స్కీ చేసిన ఒపెరాకి తెరరూపం, అందులో పాటంతా జురాబ్ అంజపరీద్జే గొంతు, ఈయనది మొహం మాత్రమే. ఒపెరా అలవాటు లేకపోతే ఇరవై నిమిషాలు చూసి ఆపేసినా ఫర్వాలేదు, నేను పూర్తిగా చూడ్డానికి మూడు రోజులు పట్టింది. కానీ ఆ ఇరవై నిమిషాలైనా చూడండి, ఎందుకంటే అది చూస్తే పరిస్థితి తెలుస్తుంది. గొంతు వేరేవాళ్లదైనా సరే ఈ మొహం కావాలి అనుకునేదాకా వచ్చారు.

జాబితా ఒకసారి రాసుకుని చూడండి: గాడ్‌ఫ్లై, పుష్కిన్ రాసిన కెప్టెన్ కూతురు, తెల్లరాత్రులు, ఇస్పేట్ రాణి. అన్నీ 19వ శతాబ్దపు పుస్తకాలు. చొక్కా కాలరు పైకి ఉన్న పాత్రలే. 1962లో తొమ్మిది రోజుల్లో ఒక ఏడాది అనే సినిమాలో బతాలోవ్, స్మొక్తునోవ్‌స్కీ అణు శాస్త్రవేత్తలుగా వచ్చి మామూలు గొంతుతో, మామూలు కోట్లు వేసుకుని మాట్లాడుతుంటే, ప్రేక్షకులకి వాళ్లే కొత్త హీరోలయ్యారు.

వద్దన్న పాత్ర

దీనికి సినిమా చూడక్కర్లేదు, తెలుసుకుంటే చాలు. సెర్గేయ్ బొందర్చూక్ టాల్‌స్టాయ్ నవల యుద్ధమూ శాంతీని సినిమాగా తీస్తున్నప్పుడు ప్రిన్స్ ఆంద్రేయ్ బొల్కొన్‌స్కీ పాత్ర స్త్రిజెనోవ్ దాకా వచ్చింది. ఒప్పుకున్నారు, తర్వాత వెనక్కి తగ్గారు. ఆ పాత్ర చివరికి వ్యచెస్లావ్ తీహొనోవ్ చేశారు. తీహొనోవ్ ఈయన కంటే ఒక ఏడాది పెద్దే, అందంలోనూ తక్కువేం కాదు. మరి ఆయన ఎలా నిలబడ్డారంటారా, ఒక సినిమాలో ట్రాక్టర్ డ్రైవరు, ఒకదాంట్లో బడిపంతులు, అలా తన కాలపు మనుషులుగా కూడా కనిపిస్తూ వచ్చారు. 1973లో టీవీ సీరియల్ పదిహేడు వసంత క్షణాల్లో గూఢచారి ష్తీర్లిత్స్‌గా ఇంటింటికీ చేరిపోయారు. స్త్రిజెనోవ్ 1966 నుంచి పదేళ్లు మాస్కో ఆర్ట్ థియేటర్‌లో ఉన్నారు. అక్కడ ఎంత బాగా చేసినా ఆ రాత్రి ఆ హాల్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది, అల్మాఅతాలోనో తాష్కెంట్‌లోనో ఉన్నవాళ్లకి కాదు.

ఆయన తప్పు చేశారా అని నన్నడిగితే నేను అవుననలేను. నచ్చని చోట నిలబడనన్న మనిషికి ఆ హక్కు ఉంది. కానీ ఆ బొల్కొన్‌స్కీని చూడలేకపోయానని మాత్రం నాకు ఇప్పటికీ బెంగ.

ఆఖరిది: మనసు దోచే ఆనందపు తార, 1975

వ్లదీమిర్ మోతిల్ తీసిన సినిమా. 1825 డిసెంబరులో జార్ మీద తిరగబడి సైబీరియా గనులకి వెళ్లిన దొరబిడ్డల కథ, వాళ్ల వెనక అన్నీ వదులుకుని వెళ్లిన భార్యల కథ. స్త్రిజెనోవ్ ఇందులో ప్రిన్స్ సెర్గేయ్ వొల్కొన్‌స్కీ. ముఖ్య పాత్రల్లో ఒకటి, అంతే, కథ నడిపేది ఆడవాళ్లు.

పేరు చూడండి. వొల్కొన్‌స్కీ. టాల్‌స్టాయ్ తల్లి పుట్టింటి పేరు అదే, ఆ పేరులో ఒక్క అక్షరం మార్చి ఆయన బొల్కొన్‌స్కీ అని పెట్టుకున్నారు. ఇంకా ఉంది. ఇందులో ఆయన భార్య మరియాగా చేసింది నతాల్యా బొందర్చూక్, ఎవరి సినిమానైతే ఈయన వదులుకున్నారో ఆ బొందర్చూక్ కూతురు. పదేళ్లు ఆలస్యంగా, ఒక అక్షరం తేడాతో, ఆ పాత్ర నీడ ఆయన దగ్గరికే వచ్చింది. నేనిది మొదటిసారి గమనించినప్పుడు రాత్రి రెండయింది, లేచి కూర్చుని ఇంట్లోవాళ్లని నిద్రలేపి చెప్పాను.

అసలు మరియా వొల్కొన్‌స్కయా తన జ్ఞాపకాల్లో రాసుకుంది, గని దగ్గర భర్తని చూడగానే కాళ్లకున్న సంకెళ్లు చూసి మోకాళ్ల మీద కూలబడి, ముందు ఆ గొలుసుల్ని ముద్దు పెట్టుకుని తర్వాతే ఆయన్ని పట్టుకున్నానని. ఆ మాట మనసులో పెట్టుకుని ఈ భార్యాభర్తల ఘట్టాలు చూడండి. స్త్రిజెనోవ్‌కి అప్పటికి 45 దాటాయి. కళ్ల కింద సంచులొచ్చాయి, మెడ బరువెక్కింది, లైటింగు కూడా ఆయన కోసం ప్రత్యేకంగా పెట్టలేదు. పాతికేళ్లప్పుడు కెమెరా ఆ మొహం దగ్గరికి వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు ఆయన మీదుగా ఆ అమ్మాయి మొహం మీదికి పోతుంది. ఆయన దాన్ని అడ్డుకోరు. పరదేశీలో నర్గీస్‌కి చోటిచ్చినట్టే ఇక్కడా ఇచ్చారు.

1988లో ఆయనకి సోవియట్ యూనియన్ ప్రజా కళాకారుడు బిరుదు ఇచ్చారు, నటులకి అంతకంటే పెద్దది లేదు. మూడేళ్లకి ఆ దేశమే లేకుండా పోయింది. తర్వాత అడపాదడపా కనిపించారు, జ్ఞాపకాలు రాసుకున్నారు, చాలాకాలం బతికారు. తర్వాతి సినిమాలు చూడాలనిపిస్తే చూడండి, నేను బలవంతం చేయను.

కానీ ఈ ఆఖరి సినిమా అయ్యాక లాప్‌టాప్ మూసేయకండి. వెంటనే ఫార్టీ ఫస్ట్ మళ్లీ పెట్టి, దళానికి పట్టుబడిన లెఫ్టినెంట్ మొదటిసారి తెర మీదికొచ్చే చోటు దాకా జరపండి. సౌండు తీసేయండి. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి చూడండి.